తప్పయిపోయిందేటక్కా?

మొన్న దసరా సెలవుల్లో మా ఆడపడుచు కూతురు టెక్కలి నుంచి వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉంది. టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. వస్తూ వస్తూ బట్టలకంటే కాగితాలే ఎక్కువ తెచ్చుకుంది.

"అత్తా, నాకు అర్జెంటుగా అయిదుగురు పిల్లలు కావాలి" అంది కాళ్ళు కడుక్కుంటూనే.

"ముందు పెళ్ళి కానీయవే" అన్నాను.

నవ్వి అసలు సంగతి చెప్పింది. ఒకటి నుంచి అయిదో తరగతి లోపు పిల్లలు అయిదుగురితో విడివిడిగా కూర్చుని మాట్లాడాలట. వాళ్ళకి ఏం వచ్చో, ఏం రాదో మార్కులు వెయ్యడం కాదు. వచ్చినది ఎలా వచ్చిందో, రానిది ఎక్కడ ఆగిపోయిందో పిల్లల నోటితోనే తెలుసుకుని రాయాలి. తను మాట్లాడుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి కావాలంది. తెలుగు బి.ఏ. చదివి ఇరవై ఏళ్ళుగా పాలపద్దులు తప్ప ఏమీ రాయని నాకు అంతకంటే ఏం కావాలి? సరేనన్నాను.

ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను. పిల్లల గురించి మొదలుపెట్టాను గానీ చివరికి నా గురించే తేలింది.

మొదటి పిల్ల మా కాశీబుగ్గ వీధిలోదే. మూడో తరగతి. వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి వెళ్తుంది. మా అరుగు మీద కూర్చోబెట్టి 42లోంచి 17 తీసెయ్యమంటే, టకటకా చేసి 35 అని రాసింది. నేనైతే అక్కడే "తప్పు, మళ్ళీ చెయ్యి" అనేదాన్ని. మా పిల్ల మాత్రం కింద కూర్చుని, దాని మొహంలోకి చూస్తూ, "ఎలా చేశావో నాకు చెప్పవా?" అంది.

ఆ పిల్ల వెంటనే రబ్బరు తీసింది. "తప్పయిపోయిందేటక్కా?" అంటూ చెరపబోయింది.

"తప్పని నేనన్నానా? ఎలా చేశావో తెలుసుకుందామని అడిగాను."

కాసేపు అనుమానంగా చూసి అప్పుడు చెప్పింది. "పెద్దదాన్లోంచే చిన్నది తియ్యాలి కదక్కా. ఏడు పెద్దది, రెండు చిన్నది. ఏడులో రెండు పోతే అయిదు. నాలుగులో ఒకటి పోతే మూడు."

నేను రాస్తున్న పెన్ను ఆగిపోయింది. ఆ పిల్లకి తీసివేత రాక కాదు. 'పెద్దదాన్లోంచి చిన్నది తియ్యాలి' అని ఎవరో ఒకప్పుడు చెప్పిన మాటని అక్షరాలా పాటిస్తోంది. దాని బుర్రలో తప్పు లేదు, దానికి అందిన మాటలో సగం లోపించింది. ఆ తర్వాత "మీ అమ్మ దగ్గర 42 రూపాయలున్నాయి, 17 పెట్టి నీకు పెన్సిళ్ళు కొంది, ఎంత మిగిలింది?" అని అడిగితే, పదిహేడుకి మూడు కలిపితే ఇరవై, ఇంకో ఇరవై రెండు వేస్తే నలభై రెండు, కాబట్టి పాతిక అని నోటితోనే చెప్పేసింది. పలక మీద 35, నోట్లో 25. రెండూ ఒకే లెక్కని దానికి తట్టనే లేదు.

రెండో పిల్ల పక్కింటిది. ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. తెలుగు వాచకం తీసి పాఠమంతా గడగడా చదివింది. వాళ్ళమ్మ మా గుమ్మంలో నిలబడి మురిసిపోయింది. మా ఆడపడుచు కూతురు "చాలా బాగుంది. ఇప్పుడు ఇక్కడ నుంచి చదువు" అని పేజీలో ఉన్న బొమ్మని అరచేత్తో కప్పింది. పిల్ల ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ గడగడా వచ్చేసింది. "ఎలా చదువుతున్నావమ్మా?" అంటే "బొమ్మ చూస్తే గుర్తొచ్చేస్తాది" అంది ఏ దాపరికం లేకుండా. అక్షరాలు చూడ్డం లేదు. విన్నదాన్ని బొమ్మకి కట్టి గుర్తుపెట్టుకుంది. నిజానికి అది చిన్న తెలివి కాదు. కానీ చదవడం కూడా కాదు.

వాళ్ళమ్మకి కోపం వచ్చింది. "మా పిల్లకి లోపాలు వెతకడానికి పిలిచారా?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆవిడని నేను తప్పుపట్టను. నెల నెలా అంత ఫీజు కట్టి, రాత్రిళ్ళు కూర్చోబెట్టి చదివించే తల్లికి ఆ మాట ఎలా తగులుతుందో నాకు తెలుసు. మూడో రోజు తనే వచ్చి, "అయితే ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగింది. బొమ్మలు లేని చోట చదివించమని, దుకాణం బోర్డులూ బస్సు మీద ఊరి పేర్లూ చూపించమని మా పిల్ల చెప్పింది. పలాస బస్టాండులో ఇప్పుడు ఆ తల్లీకూతుళ్ళదే హడావిడి.

మూడో పిల్ల ఒకటో తరగతి. మాకు ఒడిశా సరిహద్దు దగ్గరే కదా, వాళ్ళింట్లో ఒడియా మాట్లాడతారు. "నోట్లో నాలుక లేని పిల్ల" అని వీధిలో పేరు. ఎన్ని అడిగినా తల వంచుకునే కూర్చుంది. నాకు సంతలో బేరాలాడి వచ్చిన నాలుగు ముక్కల ఒడియా ఉంది. గిన్నెలో జీడిపప్పు బద్దలు వేసి, ఎన్ని ఉన్నాయని ఆ భాషలో అడిగాను. "ఎకొ, దుయి, తిని, చారి..." అంటూ పదిహేడు దాకా తడుముకోకుండా లెక్కపెట్టింది. లెక్కపెట్టినవి తినేసింది కూడా. పిల్లకి లెక్కా వచ్చు, మాటా వచ్చు. మన ప్రశ్నే దానికి రాదు.

ఇక్కడ మన గిడుగు రామ్మూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన 1863లో మన జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా గుణుపురం వెళ్ళే రైలు ఆగే పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. కొండల మీది సవర పిల్లలకి చదువు రావాలంటే ముందు తనకి వాళ్ళ భాష రావాలనుకున్నారు. తెలుగు తెలిసిన సవరవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనం బి.ఏ.లో చదివిందే. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం కూడా. ఆ రోజు దండలు వేస్తాం, పద్యాలు పాడిస్తాం. కానీ పిల్లకి పాఠం రాకపోతే ముందు ఆ పిల్ల మాట నేర్చుకుందామన్న ఆయన పద్ధతిని మాత్రం ఏ ఆగస్టు 29కీ తలుచుకోం.

మిగతా ఇద్దరు పిల్లల కోసం ఉద్దానంలో మా పుట్టింటికి వెళ్ళాం. వజ్రపుకొత్తూరు వైపు ఊరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా నాన్న కొబ్బరితోట సగానికి పైగా నేలకూలింది. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. తోటలో కాయలు లెక్కపెడుతున్న వాళ్ళలో నాలుగో తరగతి కుర్రాడొకడున్నాడు. చేతికి రెండేసి, రెండు చేతులకీ కలిపి నాలుగేసి కాయలు కుప్పలో వేస్తున్నాడు. "నూట నలభై కాయలు వెయ్యాలంటే ఎన్నిసార్లు వెయ్యాలిరా?" అని అడిగితే, "వందకి పాతికసార్లు, నలభైకి పదిసార్లు. ముప్పై అయిదు" అన్నాడు పని ఆపకుండానే.

సాయంత్రం వాడికే కాగితం మీద 140ని 4తో భాగించమని ఇచ్చాం. పద్నాలుగులో నాలుగు ఎన్నిసార్లో వేళ్ళ మీద చూసుకుని 3 వేశాడు. మిగిలిన రెండుని ఏం చెయ్యాలో తెలియక బిక్కమొహం వేశాడు. "ఇది నాకు రాదక్కా" అన్నాడు. పొద్దున్న చేసిందదేరా అంటే నమ్మడే! "అది కాయలు, ఇది భాగారం" అన్నాడు.

మా ఆడపడుచు కూతురు ఎగిరి గంతేసినంత పని చేసింది. దాని పాఠాల్లో సరిగ్గా ఇలాంటిదే, అదీ కొబ్బరికాయలతోనే ఉందట. బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే ఊళ్ళో టెరెజిన్హా నూనెస్ అనే ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ బజారులో సరుకులు అమ్మే పిల్లల దగ్గరికి కొనేవాళ్ళలా వెళ్ళి బేరాలడిగారు. 1985లో ఆ సంగతులు ప్రచురించారు. పన్నెండేళ్ళ కుర్రాణ్ణి ముప్పై అయిదు చొప్పున పది కొబ్బరికాయలు ఎంతవుతాయని అడిగితే, బడిలో చెప్పినట్టు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలకి 105, ఇంకో మూడుకి 210, ఇంకో మూడుకి 315, ఇంకొకటి కలిపితే 350 అన్నాడు. అలా అయిదుగురు పిల్లల్ని అడిగితే, బజారులో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలు వట్టి లెక్కలుగా కాగితం మీద ఇస్తే, నూటికి 37 మాత్రమే సరిగ్గా చేశారు. ఎక్కడి రెసిఫే, ఎక్కడి ఉద్దానం!

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్నీ, బడి పిల్లల్నీ ఇలాగే పరీక్షించారు. 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బజారు పిల్లలకి బడి లెక్క తడబాటు. ఇది మనం ఊహించేదే. బడి పిల్లలకి బజారు లెక్క తడబాటు. ఇది మనం ఊహించం. మన పిల్లలకి వందకి వంద వస్తే లెక్కలు వచ్చేశాయనుకుంటాం కదా. ఒకసారి కూరగాయల బండి దగ్గరికి పంపి చూడండి.

కాబట్టి 'బతుకే బడి, పుస్తకాలెందుకు' అని నేను అనడం లేదు. ఆ కుర్రాడికి భాగహారం రావాలి. రాకపోతే రేపు కాయలు లెక్కపెట్టే దగ్గరే ఉండిపోతాడు. కానీ అది వాడికి రావలసిన దారి, వాడు పొద్దున్న చెప్పిన 'వందకి పాతిక, నలభైకి పది' లోంచే ఉంది. ఆ దారి ఉందని తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి.

అయిదో పిల్లాడూ ఆ ఊరి వాడే. అయిదో తరగతి. ఏం అడిగినా "తెలీదు". బడిలో ఏం ఇష్టం? తెలీదు. ఏ పాఠం అయింది? తెలీదు. బడికి సరిగ్గా వెళ్ళడని ఊళ్ళో అందరూ అన్నారు. కాగితం మీద 'జవాబు లేదు' అని రాసేసి లేచిపోబోయాం. ఇంతలో వాళ్ళ తాతకి మంచినీళ్ళు ఇచ్చే వేళయిందని వాడు లేచాడు. ఉద్దానం సంగతి మీకు తెలుసు. కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. ఆ తాతకి డయాలసిస్ జరుగుతోంది. ఆయనతో పాటు పలాస ఆసుపత్రికి తోడు వెళ్ళేది ఈ మనవడే. రోజుకి ఎంత నీళ్ళు తాగాలో డాక్టరు కొలత చెప్పారు. వాడు ఒక లీటరు సీసాకి పెన్నుతో నాలుగు గీతలు గీశాడు.

"ఒక్కో గీతకి ఎంతరా?" అని నెమ్మదిగా అడిగింది మా పిల్ల.

"రెండొందల ఏభై మిల్లీ. మజ్జిగ తాగితే అదీ ఇందులోంచే తీసెయ్యాలి. నేకపోతే కాళ్ళు పొంగిపోతాయి."

లీటర్లు, మిల్లీలీటర్లు, భిన్నాలు, కూడిక, తీసివేత అన్నీ ఆ సీసా మీదే ఉన్నాయి. 'జవాబు లేదు' అన్న గడిని నేను కొట్టేశాను. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వయసు పిల్లాడికి ఆ పాఠం అలా రాకూడదు. వచ్చాక, అది వాడికి వచ్చని గుర్తించేవాళ్ళు కూడా లేకపోవడం ఇంకా అన్యాయం.

మన పిల్లల్ని ఎవరూ ఏమీ అడగడం లేదని కాదు. 2005 నుంచీ 'అసర్' సర్వే వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఒక్కొక్క పిల్లనీ కూర్చోబెట్టి అక్షరాలు, మాటలు, చిన్న కథ చదివిస్తున్నారు. తీసివేత, భాగహారం చేయిస్తున్నారు. దాని వల్లే ఎంతమందికి చదవడం రావడం లేదో దేశానికి తెలిసింది. అది కావలసిన పనే. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలో అన్ని ప్రభుత్వ బడుల్లోనూ ఒకేరోజు పెట్టిన తల్లిదండ్రుల సమావేశం లాంటివీ మంచివే. కానీ అక్కడా పిల్ల గురించి మనం టీచర్ని అడుగుతాం, టీచరు మనల్ని అడుగుతారు. పిల్ల మధ్యలో నిలబడి మన మొహాలు చూస్తూ ఉంటుంది.

పిల్లల్నే అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదట. సుమారు నూరేళ్ళ కిందట పారిస్‌లో జాన్ పియాజే అనే ఆయన పిల్లలకి తెలివి పరీక్షలు పెడుతూ, సరైన జవాబులకంటే తప్పు జవాబుల్లోనే ఎక్కువ సంగతి ఉందని గమనించాడు. అప్పటినుంచి పిల్లల్ని కూర్చోబెట్టి ఎందుకు, ఎలా అని అడగడమే పనిగా పెట్టుకున్నాడు. తర్వాత స్కాట్లండ్‌లో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే ఆవిడ ఇంకో మాట కలిపింది. పిల్లలు మన ప్రశ్నని మాత్రమే వినరు, మనం ఎందుకు అడుగుతున్నామో కూడా ఊహించుకుని జవాబిస్తారని చెప్పింది.

ఇది విన్నప్పుడే నాకు మొదటి పిల్ల రబ్బరు గుర్తొచ్చింది. 'ఎలా చేశావు' అని అడగ్గానే తప్పు చేశాననుకుంది. ఎందుకంటే సరిగ్గా చేసినప్పుడు ఆ మాట ఎవరూ అడగరు. సరైన జవాబుకి 'వెరీ గుడ్', తప్పు జవాబుకి 'ఎలా చేశావే ఇది!' ఇంట్లో మనం మాట్లాడే తీరు ఒకసారి తలుచుకోండి.

మా అబ్బాయి ఇప్పుడు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నాలుగో తరగతిలో ఉండగా వాడికి లెక్కలు రావని నేనే తేల్చేసి ట్యూషన్లో పడేశాను. వాడి ముందే చుట్టాలకి "వీడికి లెక్కలు అబ్బవు" అని చెప్పేదాన్ని. ఈ కథంతా అయ్యాక ఒకరోజు రాత్రి ఫోనులో అడిగాను, "నాన్నా, చిన్నప్పుడు నువ్వు లెక్కలు ఎలా చేసేవాడివిరా?" అని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "నాకు వేరే పద్ధతి ఏదో తట్టేదమ్మా, గుర్తు లేదు. నువ్వు ఎలా చేశావంటే తిట్టబోతున్నావని చెరిపేసేవాణ్ణి. తర్వాత ట్యూషన్ సార్ చెప్పినట్టే చెయ్యడం అలవాటైపోయింది."

వాడు నిష్ఠూరంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి ఏం తట్టేదో నాకు ఎప్పటికీ తెలియదు, వాడికే గుర్తు లేదు కాబట్టి.

"ఇదంతా చెయ్యడానికి మాకు టైమెక్కడిది?" అని మీలో కొందరు అంటారని తెలుసు. పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మా వీధి అమ్మలు కూడా అదే అన్నారు. నిజమే. ఇది తల్లుల నెత్తిన ఇంకో మూట పెట్టే పని కాకూడదు. నాన్నలు అడగొచ్చు, అమ్మమ్మలూ తాతలూ అడగొచ్చు. చదువు రాని అమ్మ ఇంకా బాగా అడగగలదు, ఎందుకంటే ఆవిడకి నిజంగానే తెలియదు కాబట్టి పిల్ల భయపడకుండా నేర్పుతుంది. మొదటి పిల్ల వాళ్ళమ్మ ఇప్పుడు అదే చేస్తోంది. రాత్రి కంచాలు కడుగుతూ "నాకు సెప్పవే, ఏటలా చేసావు?" అంటోంది.

మా ఆడపడుచు కూతురు పాటించిన నాలుగు పద్ధతులు చెప్పి ముగిస్తాను. పిల్లతో సమానంగా కింద కూర్చోవాలి. అడిగాక నోరు మూసుకుని ఆగాలి. మనకి ఇదే అన్నిటికంటే కష్టం. నలుగురిలో అడగకూడదు, చెప్పింది నలుగురిలో చెప్పి నవ్వకూడదు. నాలుగోది ముఖ్యం: జవాబు సరిగ్గా ఉన్నప్పుడు కూడా 'ఎలా చేశావు' అని అడగాలి. తప్పుకీ ఒప్పుకీ ఒకే గొంతుతో అడిగితే, కొన్నాళ్ళకి పిల్లలు రబ్బరు వెతుక్కోవడం మానేస్తారు.

ఈ రాత్రి మీ ఇంట్లో సరిగ్గా చేసిన ఒక లెక్క చూసి అడగండి. ఏం చెప్పారో నాకూ చెప్పండి. మా అబ్బాయి దగ్గర నేను వినలేకపోయినది, మీ పిల్లల దగ్గరైనా వింటాను.